తెర వచ్చినా పోని బ్రాకెటింగు

ఫిల్ము రోజుల్లో బ్రాకెటింగంటే ఇన్సూరెన్సే. రీలు కడిగేదాకా ఏమొచ్చిందో తెలీదు కాబట్టి ఒకే దృశ్యాన్ని మీటరు చెప్పినట్టు ఓసారి, కాస్త చీకటిగా ఓసారి, వెలుతురుగా ఓసారి తీసేవాళ్ళు. అంటే 36 ఫోటోల రీలుకి 12 దృశ్యాలే!

1995లో కాసియో క్యూవీ-10 వెనక 1.8 అంగుళాల తెరతో వచ్చింది. తీసిన ఫోటో అక్కడికక్కడే చూసుకోవచ్చు. మరి బ్రాకెటింగుతో పని తీరిపోవాలి కదా? తీరలేదు. ఎండలో చిన్న తెర మీద ఏదీ సరిగా కనబడదు. పైగా ఆకాశం, నీడ రెండూ ఒకే ఎక్స్‌పోజరుకి లొంగవు.

ఇది పాత తగువే. 1850ల్లోనే ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే ఆకాశానికొకటి, సముద్రానికొకటి నెగెటివులు వాడి, కలిపి ఒకే ప్రింటు వేశాడు.

అందుకే తెర మీద బాలేదని ఆ మూడింట్లో దేన్నీ అక్కడే చెరిపేయకండి. హిస్టోగ్రాం చూసుకోండి, మిగతాది ఇంటికెళ్ళాక తేల్చుకోవచ్చు. తెల్లగా మాడిపోయిన ఆకాశాన్ని ఏ ఫోటోషాపూ వెనక్కి తేలేదు.