రెండు గీతలు

జఫర్‌గఢ్‌లో మా దుకాణానికి మిషన్ తెచ్చేవాళ్ళ మొదటి మాట దాదాపు ఒకటే: "అన్నా, కుట్టు తప్పుతుంది." నేను ముందు సూది విప్పి చూస్తాను. సగం రోగాలు అక్కడే ఉంటాయి. టైలర్ మిషన్ సూదికి మొదలు గుండ్రంగా ఉంటుంది. ఇంటి మిషన్ సూదికి ఉన్నట్టు ఒక పక్క చదును ఉండదు కాబట్టి ఎటు తిప్పి బిగించినా పడుతుంది. గాడి కాస్త పక్కకు తిరిగితే చాలు, షటిల్ ముక్కుకు దారం చిక్కదు.

మేం మేరోళ్ళం. నాయిన కుట్టేవాడు, బాగుచేసేవాడు. నాకు రెండోదే పట్టుబడింది. ఆయన మిషన్ సింగర్ 31కె. చివరనున్న 'కె' అంటే కిల్బోవీ, స్కాట్లాండులోని క్లైడ్‌బ్యాంకులో సింగర్ ఫ్యాక్టరీ ఉన్న చోటు. 1911 మార్చిలో అక్కడ మిషన్ల చెక్కలకు పాలిష్ పెట్టే పదిహేను మంది ఆడవాళ్ళలో ముగ్గురిని తప్పించి, వాళ్ళ పనిని మిగిలినవాళ్ళ నెత్తిన వేశారు. ఆ పన్నెండు మంది పని ఆపి బయటికి వస్తే, వాళ్ళ వెనక సుమారు 11,000 మంది వచ్చారు. పాత బల్లను గుడ్డతో తుడిచేటప్పుడల్లా నాకు ఆ పన్నెండు మంది మనసులో మెదులుతారు. ఆ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది.

31 నంబరును కంపెనీ కార్ఖానాల కోసం చేసింది. వరసగా బల్లలు, ఒకే షాఫ్టు తిరుగుతుంటే బెల్టులతో పరుగెత్తే మిషన్లు, అదీ దాని లోకం. మన దగ్గర అదే మిషన్ కాలితొక్కుడు స్టాండు ఎక్కి, బట్టల దుకాణం అరుగు మీద ఒక్క మనిషి కింద పనిచేసింది. ఆ ఒక్క మనిషే దానికి కార్మికుడు, యజమాని, వైద్యుడు. అంత డబ్బు ఒక్కసారి ఎవరి దగ్గరుండేది? సింగర్ 1850లలోనే వాయిదాల మీద అమ్మడం మొదలుపెట్టింది. మన దేశంలో ఆ వ్యాపారాన్ని బొంబాయి పార్శీ నసర్వాన్‌జీ మేర్వాన్‌జీ పటేల్ ఏళ్ళ తరబడి నడిపాడు. మిషన్లు రావడానికి దారీ ఉంది: సికింద్రాబాద్ నుంచి బెజవాడ దాకా రైలు 1889కల్లా పడింది. పేరులోనే స్టేషన్ ఉన్న ఘన్‌పూర్ మాకు దగ్గర.

యంత్రాలన్నీ వద్దంటారా అని 1924లో ఒకరు అడిగితే, గాంధీ సింగర్ కుట్టుమిషన్‌ను వేరుగా పెట్టారు. చేత్తో కుట్టి అలసిపోతున్న భార్యను చూసి సింగర్ దాన్ని చేశాడని ఆయన నమ్మకం. నిజానికి సింగర్ కంటే ముందే, 1846లో ఎలియాస్ హోవే కుట్టుమిషన్‌కు పేటెంటు తీసుకున్నాడు. ఆ కథ ఎట్లున్నా, గాంధీ ఇచ్చిన మినహాయింపు న్యాయమైనదే అంటాను.

తర్వాత ఉష వచ్చింది. 1935లో కలకత్తాలో మొదలైన మిషన్ అది. చేసిన బిషన్ దాస్ బసిల్ తన కూతురి పేరు పెట్టుకున్నాడు. విడిభాగాలకు లూధియానా పెద్ద దిక్కయింది. కొత్త షటిల్ తెచ్చినా నేను నేరుగా వేయను. ముక్కును గోటితో తడిమి, గరుకు తగిలితే సన్న ఎమెరీ కాగితంతో రుద్దుతాను.

నన్ను ఎక్కువ బాధపెట్టేది కొబ్బరినూనె. ఇంట్లో ఉంది కదా అని పోస్తారు. కొన్నాళ్ళకు అది జిగురై, చక్రం కదలదు. గ్యాస్‌నూనె చుక్కలు వేసి, రాత్రంతా నానబెట్టి, తెల్లారి చేత్తో మెల్లగా తిప్పాలి. మొండికేస్తే మళ్ళీ చుక్కలు వేయాలి తప్ప, బలం చూపించకూడదు. లోపల విరిగితే అతకడం కష్టం.

కదిలాక అసలు పని. సింగర్ సూదికడ్డీ మీద రెండు సన్నని గీతలుంటాయి. సూది పూర్తిగా దిగినప్పుడు పై గీత గొట్టం అంచుతో కలవాలి. తిరిగి లేస్తూ కింది గీత అంచుకు వచ్చేసరికి షటిల్ ముక్కు సూది వెనక్కి చేరాలి. అప్పుడే దారం చిన్న ఉచ్చులా ఉబ్బి ఉంటుంది, ముక్కు అందులో దూరుతుంది. కండెలో ఎర్రదారం, పైన తెల్లదారం వేసి కుట్టి చూస్తాను. ముడి బట్ట మధ్యలో దాగితే సరి. పైన ఎరుపు కనిపిస్తే పై బిగువు ఎక్కువ. కింద తెలుపు కనిపిస్తే తక్కువ.

గీసుగొండ, శాయంపేటల దగ్గర కాకతీయ టెక్స్‌టైల్ పార్కుకు 2017లో శంకుస్థాపన చేశారు. మా వైపు పిల్లలు ఇప్పుడు నేర్చుకునేది తలలోనే మోటారున్న, దారం తానే కత్తిరించుకునే మిషన్లు. మంచిదే, వాళ్ళ కాళ్ళు నొప్పిపెట్టవు.

నాయిన 31కె ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మొదటిసారి దాన్ని విప్పి, గీతల ప్రకారం బిగించాను. కుట్టు తప్పింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ తప్పింది. నూనెగుడ్డతో కడ్డీ గట్టిగా తుడిస్తే, పై గీతకు కొంచెం పైన ఒక చిన్న గాటు కనిపించింది. ఆకురాయితో పెట్టింది. లోపలి భాగాలు ఎంత అరిగాయో చూసుకుని, నాయిన తన గీత తాను పెట్టుకున్నాడు. దానికి కలిపి బిగించి, తొక్కాను. మూర పొడవు కుట్టు, ఒక్కటీ తప్పలేదు.