అంటు: మామిడి కొమ్మ నుంచి కుక్క దవడ దాకా

‘అంటు’ అనగానే తెలుగువారికి మామిడి తోట గుర్తొస్తుంది. అంటుకొను అనే క్రియకు చుట్టం ఈ మాట. అంటుమామిడిలోనూ అంటువ్యాధిలోనూ ఉన్నది ఆ తగులుకునే గుణమే.

ఇంగ్లీషు ‘గ్రాఫ్ట్’ దారి వేరు. గ్రీకులో రాసే గంటానికి ఉన్న పేరు దాని మూలం. అంటుకు చెక్కిన పుల్ల మొన గంటంలా ఉంటుందని ఫ్రెంచి మీదుగా ఆ పేరు తోటలోకొచ్చింది. శస్త్రచికిత్స గదికి చేరింది 19వ శతాబ్దంలో.

పశువైద్యంలో ఆ మాట ఎంతవరకు సాగుతుందో చూద్దాం. కణితి కోసం కుక్క కింది దవడలో పెద్ద ముక్క తీసేస్తే ఆ ఖాళీ తనంతట తాను పూడదు. మిగిలిన దవడ పక్కకు జరిగి పళ్లు సరిగా కలవవు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలోని పశువైద్యులు దీనికి చక్కని దారి చూపారు. టైటానియం పట్టీని దవడ వంపుకు తగ్గట్టు బిగించి, ఖాళీలో ఎముక పెరుగుదలను ప్రేరేపించే బీఎంపీ-2 ప్రోటీన్‌తో తడిపిన స్పాంజి లాంటి దిమ్మె పెట్టారు. కుక్క సొంత కణాలే అక్కడ కొత్త ఎముకను పెంచాయి. ఎముకలోనే ఎముకను పుట్టించే శక్తి ఉందని మార్షల్ యూరిస్ట్ 1965లో ప్రకటించిన పరిశోధనే దీనికి పునాది.

ఇక్కడ వేరే ఎముకను తెచ్చి అతికించలేదు కాబట్టి దీన్ని ‘పునరుత్పత్తి’ అనడమే సరైనది. అదే జంతువు తుంటి నుంచి మెత్తటి ఎముక తీసి దవడలో నింపితే మాత్రం, అది అచ్చంగా ఎముక అంటు, అంటే అంటుకట్టిన ఎముకే.