ఆటిజం: గుర్తించడం ఎలా మొదలైంది, మన దగ్గరికి ఎలా వచ్చింది

ఆటిజం అనేది పుట్టుకతోనే మెదడు ఎదుగుదలలో ఉండే తేడా. మాట, కలుపుగోలుతనం, ప్రవర్తన మీద దీని ప్రభావం కనిపిస్తుంది. ఇది అంటురోగం కాదు, నజర్ తగలడం కాదు, తల్లి పెంపకంలో లోపం అసలే కాదు. ఈ చివరి మాట డాక్టర్లు ఒప్పుకోవడానికే చాలా ఏళ్లు పట్టింది.

పేరు ఎక్కడిది

ఈ పదాన్ని మొదట వాడింది స్విట్జర్లాండ్ వైద్యుడు బ్లాయిలర్. 1911 నాటి తన పుస్తకంలో స్కిజోఫ్రీనియా రోగుల్లో ఒక లక్షణానికి ఆ పేరు పెట్టాడు. 1943లో అమెరికాలో లియో కానర్ 11 మంది పిల్లలను పరిశీలించి, ఇది వేరే స్థితి అని రాశాడు. మరుసటి ఏడాది వియన్నాలో ఆస్పెర్గర్ ఇలాంటి పిల్లల గురించే రాశాడు. వీళ్లిద్దరి కన్నా ముందే, 1925లో, రష్యా డాక్టరు సుఖరేవా ఈ లక్షణాలను వివరించింది. ఆమె పేరు చాలా కాలం మరుగునపడింది.

తల్లుల మీద నింద

1950, 60లలో తల్లి ప్రేమ చూపకపోవడం వల్లే ఇలా అవుతుందన్న వాదం బాగా నడిచింది. ఆటిజం ఉన్న కొడుకుకు తండ్రి అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లో ఆ వాదాన్ని ఎదిరిస్తూ పుస్తకం రాశాడు. 1977లో కవల పిల్లల మీద జరిగిన అధ్యయనం జన్యువుల పాత్రను చూపింది. 1980లో అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలో ఆటిజానికి విడిగా చోటు దొరికింది. 2013లో ఆస్పెర్గర్‌తో సహా అన్నీ ‘ఆటిజం స్పెక్ట్రమ్’ కిందికి వచ్చాయి.

టీకాల వల్ల ఆటిజం వస్తుందన్న 1998 నాటి వ్యాసాన్ని ఆ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. ఆ భయంతో టీకాలు మానేయొద్దు.

సికింద్రాబాద్ కొలమానం

మన దేశంలో 1995 వికలాంగుల చట్టంలో ఆటిజం లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో చేరింది. 2016 చట్టంలోని 21 వైకల్యాల్లో ఒకటైంది.

సర్టిఫికెట్ ఇవ్వాలంటే కొలత కావాలి. ఆ కొలత తయారైంది సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థలోనే (ఇప్పుడు నీపిడ్). దాని పేరు ఇసా. ఇందులో 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 70 కన్నా తక్కువైతే ఆటిజం లేనట్టు. 70 నుంచి 106 దాకా స్వల్పం, 107 నుంచి 153 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం.

దేవరకొండ కుటుంబాలు ఏం చూడాలి

ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు కాబట్టి మాట ఆలస్యమవుతోందని చాలామంది ఊరుకుంటారు. రెండు భాషల వల్ల ఆటిజం రాదు. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, ఏడాదిన్నరకు కూడా వేలితో చూపించకపోవడం, రెండేళ్లకు రెండు మాటలు కలిపి అనకపోవడం, వచ్చిన మాటలు పోవడం: వీటిలో ఏది ఉన్నా ఆగొద్దు.

ముందు చెవుల పరీక్ష చేయించాలి. అంగన్‌వాడీలకు, సర్కారు బడులకు వచ్చే ఆర్‌బీఎస్‌కే బృందానికి చూపిస్తే ఉచితంగా పరీక్షించి పై ఆసుపత్రికి రాసిస్తారు. ఆటిజాన్ని పూర్తిగా పోగొట్టే మందు లేదు. అలా మాటిచ్చేవాళ్లకు డబ్బు కట్టొద్దు. స్పీచ్ థెరపీ, ప్రవర్తన శిక్షణ ఎంత చిన్న వయసులో మొదలైతే అంత మేలు. దువా చేస్తూనే దవా కూడా చూడాలి.