వెబ్ పుట: విషయము, రూపము

గ్రంథకర్త వ్రాతప్రతిని సిద్ధము చేయును. అక్షరముల పరిమాణమును, పుట అంచులను అచ్చుకూటమువారు చూచుకొందురు. విషయము ఒకరి పని. రూపము మరియొకరి పని. వెబ్ పుటల చరిత్రలో ఒక పెద్ద చిక్కు తీరినది ఇట్టి విభజన వలననే.

జెనీవా సమీపమునగల సెర్న్ పరిశోధనాలయములో 1989లో టిమ్ బెర్నర్స్-లీ వెబ్ పథకమును ప్రతిపాదించెను. పుటలను వ్రాయుటకు ఆయన హెచ్.టి.ఎమ్.ఎల్. అను సంకేత భాషను కల్పించెను. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది జాబితా అని అందలి గుర్తులు తెలుపును. అవి ఎట్లు కనిపించవలెనో బ్రౌజర్ నిర్ణయించెడిది. శాస్త్రజ్ఞులకు ఇంతమాత్రము చాలెను.

కాని 1990ల మధ్యలో వ్యాపారులు, పత్రికలవారు వెబ్‌లో ప్రవేశించిరి. వారికి రంగులు, నిలువు వరుసలు కావలసివచ్చెను. అందుకై, అంకెలను చూపుటకు ఏర్పడిన పట్టికను పుటకు చట్రముగా వాడుకొనిరి. ఒక గడిలో విషయసూచిక, మరొక గడిలో వార్త, ఆ గడిలో మరల ఇంకొక పట్టిక! ఖాళీ స్థలము కావలసినచోట కంటికి కనిపించని చుక్క బొమ్మను సాగదీసి ఉంచిరి. పుట అందముగనే ఉండెను. కాని శీర్షికల రంగు మార్చవలెనన్నచో ప్రతి పుటను తిరుగ వ్రాయవలసివచ్చెడిది. అంతకన్న పెద్ద నష్టము అంధులకు కలిగెను. వారికి పుటను చదివి వినిపించు సాధనము గడులను వరుసగా చదువును. వ్యాసమును ముక్కలుచేసి గడులలో అమర్చినచో, దాని నడుమ ప్రక్క విషయము వచ్చిపడి అర్థము చెడెడిది.

1994 అక్టోబరు 10న, సెర్న్‌లోనే పనిచేయుచుండిన నార్వే దేశీయుడు హోకన్ వియుమ్ లీ ఒక ఉపాయమును సూచించెను. రూపమునకు సంబంధించిన నియమములను ప్రత్యేక పత్రములో వ్రాయుటయే ఆ ఉపాయము. హాలెండు దేశీయుడు బెర్ట్ బాస్ ఆయనతో చేరెను. 1996 డిసెంబరు 17న సి.ఎస్.ఎస్. మొదటి ప్రమాణము వెలువడెను. శీర్షికలు నీలిరంగులో ఉండవలెనని ఒక్కచోట వ్రాసినచో, ఆ పత్రమును వాడు వేయి పుటలును మారును. రచయితయే కాక, పాఠకుడును తన కంటికి అనువైన నియమములను చేర్చుకొనవచ్చును.

బ్రౌజర్లు ఈ ప్రమాణమును ఒకే విధముగా పాటించుటకు ఏండ్లు పట్టెను. 2003లో డేవ్ షే ప్రారంభించిన సి.ఎస్.ఎస్. జెన్ గార్డెన్‌లో ఒకే హెచ్.టి.ఎమ్.ఎల్. పుట, శైలిపత్రము మారినంతనే వేరువేరు రూపములు ధరించెను. 2010లో ఈథన్ మార్కాట్ తెర వెడల్పును బట్టి అమరికను మార్చు పద్ధతిని వివరించెను. దీనివలన ఒకే పుట గణకయంత్రముపైనను, చేతిఫోనుపైనను ఇముడును. 2017లో ప్రధాన బ్రౌజర్లలో చేరిన గ్రిడ్ పద్ధతి వలన, పుటలను అమర్చుటకు పట్టికను అరువు తెచ్చుకొను అవసరము తీరెను.

విద్యార్థులు ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. తాము తయారుచేసిన పుటనుండి శైలిపత్రమును తొలగించి చదువవలెను. అలంకారము పోయినను విషయము మొదటినుండి చివరివరకు వరుస తప్పక అర్థమైనచో, ఆ పుట సరిగా నిర్మింపబడినదని తెలిసికొనవచ్చును.