పాత ఇంటి ఛాయాచిత్రాలు: అన్వేషణ, పరిశీలన

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• ఒక పాత ఇంటి ఛాయాచిత్రాలను ఎక్కడ, ఏ క్రమంలో వెతకాలో చెప్పగలుగుతారు.
• ఛాయాచిత్రం ఏ కాలానిదో స్థూలంగా నిర్ణయించగలుగుతారు.
• చారిత్రక ఆధారంగా ఛాయాచిత్రానికి ఉన్న పరిమితులను వివరించగలుగుతారు.

1. పరిచయం

స్థానిక చరిత్ర అనగానే మనకు కోట, గుడి, శాసనం గుర్తుకు వస్తాయి. మీరు పెరిగిన పెంకుటిల్లు, వీధి చివరి మండువా లోగిలి, పట్టణంలోని పాత దేవిడీ కూడా చరిత్రకు ఆధారాలే. కానీ వీటికి శాసనాలు ఉండవు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు వీటి అరుగులు పోతాయి. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు మండువాకు అడ్డుగోడ వస్తుంది. చివరకు స్థలం అపార్టుమెంటుకు ఇస్తారు. ఇల్లు పోయాక అది ఎలా ఉండేదో చెప్పగలిగేవి ముఖ్యంగా మూడు: కాగితాలు, మనుషుల జ్ఞాపకాలు, ఛాయాచిత్రాలు. దస్తావేజు ఇంటి హద్దులు చెబుతుంది, ద్వారబంధం మీది చెక్కడం గురించి చెప్పదు. జ్ఞాపకం ఆ చెక్కడాన్ని వర్ణిస్తుంది, కానీ కాలాన్ని తారుమారు చేస్తుంది. ఛాయాచిత్రం ఈ రెండింటి లోటును కొంత పూరిస్తుంది.

2. ఇంటిని ఎవరు ఫోటో తీశారు?

ఛాయాచిత్ర విధానాన్ని 1839లో ఫ్రాన్సులో ప్రకటించారు. 1854 నాటికి బొంబాయిలో ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఏర్పడింది. 1851లో వచ్చిన తడి పలక పద్ధతిలో గాజు పలకకు రసాయనం పూసి, అది ఆరకముందే చిత్రం తీసి, అక్కడికక్కడే కడగాలి. అందువల్ల ఫోటోగ్రాఫరు చీకటి గుడారాన్ని, రసాయనాలను వెంట మోసుకుపోవలసి వచ్చేది. ఇంత ఖర్చు, శ్రమ ఉన్న పనిలో కెమెరా మొదట ప్రభుత్వం, సంస్థానాధీశులు కోరిన వాటివైపే తిరిగింది: దేవాలయాలు, కోటలు, రాజప్రాసాదాలు, అధికారుల బంగళాలు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ (1844–1905) తీసిన హైదరాబాదు చిత్రాలు ఇందుకు మంచి ఉదాహరణ.

సామాన్య కుటుంబాలకు ఫోటో పెళ్లికో, షష్టిపూర్తికో జరిగే ముచ్చట. మన పెద్దలలో చాలామంది తమ ఇంటిని ఫోటో తీయించలేదు. ఇంటి ముందు నిలబడి తమను తీయించుకున్నారు. ఇది ఈ పాఠంలో మీరు గుర్తుంచుకోవలసిన ముఖ్యాంశం. మీ ఇంటి ఛాయాచిత్రం ‘ఇల్లు’ అనే పేరుతో ఎక్కడా దొరకకపోవచ్చు. పెళ్లికొడుకు వెనుక, కొత్త సైకిలు పక్కన, పసిపాపను ఎత్తుకున్న నాయనమ్మ భుజం మీదుగా అది మీకు కనిపిస్తుంది. మనుషులను కాక, వారి వెనుక ఉన్నదాన్ని చూడటం అలవాటు చేసుకోండి.

3. అన్వేషణ క్రమం

మొదట మీ ఇంటి ట్రంకు పెట్టెలు, గోడకు వేలాడే పటాలు చూడండి. పటం వెనుక అట్ట విప్పితే ఒక్కోసారి రెండో ఫోటో ఉంటుంది. తరువాత దాయాదుల ఇళ్లకు వెళ్లండి. అంతకన్నా ముఖ్యంగా, ఆ ఇంటి ఆడపడుచుల అత్తవారి ఇళ్లలో అడగండి. పుట్టిల్లు చేతులు మారినా, ఆమె వెంట వెళ్లిన పెళ్లి ఆల్బమ్ మిగిలి ఉండే అవకాశం ఎక్కువ. గతంలో అద్దెకు ఉన్నవారినీ మరవకండి.

తరువాత ఎదురింటివారిని కలవండి. వారి గుమ్మం నుంచి తీసిన ఊరేగింపు ఫోటోలో కనిపించేది మీ ఇంటి ముఖభాగమే. ఆ ఇంట్లో ఎప్పుడైనా బడి, గ్రంథాలయం, తపాలా కార్యాలయం నడిచి ఉంటే ఆ సంస్థల గ్రూపు ఫోటోలు వెతకండి. ఊళ్లోని పాత స్టూడియోలో నెగెటివులు ఉన్నాయేమో విచారించండి.

చివరగా సంస్థల వంతు. రాష్ట్ర ప్రాచ్య లిఖిత భాండాగారాలు, పురావస్తు శాఖలు, ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం, లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ పాత చిత్రాలను భద్రపరుస్తున్నాయి. దీన్‌దయాళ్ స్టూడియో గాజు నెగెటివులు రెండు వేలకు పైగా ఢిల్లీ కేంద్రంలో ఉన్నాయి. ఇటువంటి చోటికి వెళ్లేముందు మీ వీధి పాత పేరు, పాత ఇంటి నంబరు, పూర్వ యజమానుల పేర్లు తెలుసుకోవాలి. ఇవి పాత దస్తావేజులలో ఉంటాయి. సబ్-రిజిస్ట్రార్ కార్యాలయంలో నకళ్లకు దరఖాస్తు చేయవచ్చు. హైదరాబాదు విషయంలో లియొనార్డ్ మన్ పర్యవేక్షణలో 1910 దశకంలో తయారైన మునిసిపల్ పటాలు ఎంతో ఉపకరిస్తాయి. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ పనులు ఆ నగర వీధుల రూపును మార్చాయి. కాబట్టి అక్కడి చిత్రం ఈ మార్పులకు ముందుదా, తరువాతదా అన్నది మొదట తేల్చుకోవాలి.

4. కాలనిర్ణయం

ఫోటో వెనుక రాసిన తేదీని వెంటనే నమ్మకండి. దాన్ని ఎప్పుడో, ఎవరో రాసి ఉండవచ్చు. ముందు వస్తువును పరిశీలించండి. సుమారు 6 × 10 సెంటీమీటర్ల అట్టకు అంటించిన చిన్న ఫోటోల పద్ధతికి 1854లో పారిస్‌లో పేటెంటు లభించింది. సుమారు 11 × 16.5 సెంటీమీటర్ల పెద్ద అట్ట 1866 ప్రాంతంలో వాడుకలోకి వచ్చింది. అట్ట మీద అచ్చయిన స్టూడియో పేరు, చిరునామా మరో ఆధారం.

తరువాత చిత్రం లోపలికి చూడండి. కప్పు మీద మంగుళూరు పెంకు ఉంటే ఆ చిత్రం 1865కు ముందుది కాదు. ఎందుకంటే బాసెల్ మిషన్ మంగుళూరులో పెంకుల కర్మాగారం స్థాపించింది ఆ ఏడాదే. అయితే దీనివల్ల ఇల్లు కూడా ఆ తరువాతదే అని చెప్పలేం. పాత గోడల మీద కొత్త కప్పు వేసి ఉండవచ్చు. కరెంటు తీగ, రేడియో ఏరియల్, సిమెంటు సజ్జా వంటివి కూడా ‘ఇంతకు ముందుది కాదు’ అని చెప్పే గుర్తులే. నెగెటివును తిరగేసి ముద్రిస్తే కుడి ఎడమలు మారిపోతాయి. సైన్‌బోర్డు మీది అక్షరాలు, చొక్కా జేబు సరిచూసుకోండి.

5. ఫోటోలో లేనిది

హైదరాబాదు కోఠీలోని రెసిడెన్సీ భవనాన్ని పంతొమ్మిదవ శతాబ్ది తొలి సంవత్సరాలలో రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ కట్టించాడు. ఎత్తైన స్తంభాలు, మెట్లకు ఇరువైపులా సింహాలు ఉన్న దాని ముఖభాగం అనేక చిత్రాలకెక్కింది. అదే ఆవరణలో ఆయన భార్య ఖైరున్నీసా నివసించిన రంగ్ మహల్‌ను 1860 ప్రాంతంలో కూల్చివేశారు. అప్పటికి నగరంలో దీన్‌దయాళ్ వంటివారి స్టూడియోలు లేవు. ఆయన స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచింది 1892లో. కేవలం ఛాయాచిత్రాలనే నమ్ముకుంటే ఆ ఆవరణలో స్త్రీల నివాసమే లేదనుకుంటాం.

మీ ఇంటికీ ఇదే వర్తిస్తుంది. వీధి అరుగు ఫోటోకెక్కుతుంది. వంటిల్లు, నూతి గట్టు, దొడ్డివాకిలి ఎక్కవు. యజమాని కనిపిస్తాడు, ఇల్లు కట్టిన వడ్రంగి, ఆ దొడ్డివాకిలి నుంచే వచ్చిపోవలసివచ్చిన పనివారు కనిపించరు. ఊరిచివర వాడల ఇళ్లు ఏ ఆల్బమ్‌లోనూ లేకపోవడం అవి లేవనడానికి నిదర్శనం కాదు, కెమెరా అటు పోలేదనడానికి నిదర్శనం. ఆ ఖాళీని వృద్ధుల మౌఖిక కథనాలతో, వారు చెబుతుండగా మీరు గీసుకునే ఇంటి నక్షాతో పూరించాలి.

6. భద్రపరచడం

దొరికిన ఫోటోను లామినేషన్ చేయించవద్దు, టేపు అంటించవద్దు, తడిగుడ్డతో తుడవవద్దు. వెనుక రాయవలసి వస్తే మెత్తని పెన్సిలు వాడండి. యజమాని అనుమతితో కనీసం 600 డి.పి.ఐ. నాణ్యతతో స్కాన్ చేసి అసలును వారికే తిరిగి ఇవ్వండి. ఎవరి దగ్గర, ఏ తేదీన దొరికిందో, అందులోని వారిని ఎవరు గుర్తించారో నమోదు చేయండి. గుర్తుపట్టగలవారు ఉన్నప్పుడే ఈ పని జరగాలి. వారు పోతే ఫోటో మిగిలినా, అందులోని మనుషులు అనామకులవుతారు.

ఇటువంటి సేకరణ ఉపయోగం కుటుంబానికే పరిమితం కాదు. విరిగిన కిటికీని, పోయిన పిట్టగోడను తిరిగి కట్టేవారికి ఫోటో కొలబద్ద. హైదరాబాదులోని ఎర్రమంజిల్‌ను కూల్చి శాసనసభ భవనం కట్టాలన్న నిర్ణయాన్ని 2019లో తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది. ప్రతి ఇంటికీ అటువంటి రక్షణ దొరకదు. నిలబెట్టలేని ఇంటికి కనీసం దాని రూపాన్ని నమోదు చేయడం చరిత్ర విద్యార్థి చేయగల పని.

అభ్యాసం

మీ వీధిలో యాభై ఏళ్లు దాటిన ఒక ఇంటిని ఎంచుకోండి. దాని ముఖభాగం గాని, లోపలి భాగం గాని కనిపించే 3 పాత ఫోటోలను వేర్వేరు కుటుంబాల నుంచి సేకరించండి. ప్రతి చిత్రం ఏ కాలానిదో కారణాలతో రాయండి. వాటిలో కనిపించని ఒక భాగాన్ని గురించి ఆ ఇంట్లో పనిచేసిన లేదా నివసించిన ఒకరిని అడిగి, వారి మాటలను ఒక పుటలో నమోదు చేయండి.