స్థిరీకృత మట్టి దిమ్మె

జల్లించిన మట్టిలో కొద్దిగా సిమెంటు గానీ సున్నం గానీ కలిపి, తగుమాత్రం తడిపి, యంత్రంలో గట్టిగా అదిమి తీసిన ఇటుకను స్థిరీకృత మట్టి దిమ్మె అంటారు. దీన్ని బట్టీలో కాల్చరు. కట్టెలు, బొగ్గు అక్కరలేదు.

మట్టిగోడకు అసలు శత్రువు నీరు. పచ్చి ఇటుకలో రేణువులను పట్టి ఉంచేది బంకమట్టి. అది తడిస్తే ఉబ్బి మెత్తబడుతుంది, ఎండితే ముడుచుకుని బీటలిస్తుంది. ఎంత అదిమినా ఈ గుణం పూర్తిగా పోదు. సిమెంటు నీటితో కలిసి గట్టిపడుతూ ఇసుక రేణువులను ఒకదానికొకటి అతికిస్తుంది. సున్నం బంకమట్టిలోని సిలికా, అల్యూమినాలతో నెమ్మదిగా చర్య జరిపి బలమిస్తుంది. అందుకే ఇసుకపాలు ఎక్కువున్న ఎర్రమట్టికి సిమెంటు, బంక ఎక్కువున్న మట్టికి సున్నం నప్పుతాయి. నల్లరేగడి బాగా ఉబ్బే నేల; ఇసుక, సున్నం కలపనిదే దాని జోలికి పోకపోవడం మేలు. వేళ్ళు, ఆకుల కుళ్ళు ఉన్న పైమట్టి దిమ్మెకు చేటు, పంటకు ప్రాణం. దాన్ని పక్కకు తీసి అడుగుమట్టినే వాడాలి.

సిమెంటు కలిపే మట్టిలో 15 శాతం గులకరాళ్ళు, 50 శాతం ఇసుక, 15 శాతం ఒండ్రు, 20 శాతం బంక ఉంటే మంచిదని ఆరోవిల్ ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ చెబుతుంది. అక్కడ సగటున 5 శాతం సిమెంటు వాడతారు. మట్టి కుదరనప్పుడు సిమెంటు పెంచుకుంటూ పోవడం డబ్బు దండగ. ఇసుక కలిపి మట్టిని సరిచేయడమే దారి.

తేమ చూడటానికి ప్రయోగశాల అక్కరలేదు. కలిపిన మట్టిని పిడికిట ఉండచేసి, భుజాల ఎత్తు నుంచి గట్టినేల మీద వదలాలి. నాలుగైదు ముక్కలైతే సరిపోయినట్టు. పొడిపొడి అయితే నీరు చాలలేదు, అలాగే అతుక్కుంటే ఎక్కువైంది. సిమెంటు కలిపిన మట్టిని వెంటనే అదిమేయాలి.

1950ల్లో కొలంబియా రాజధాని బొగోటాలో చిలీ ఇంజనీరు రౌల్ రమీరెజ్ రూపొందించిన సిన్వా-రామ్ చేతియంత్రంతో ఈ పద్ధతి పేదదేశాలకు చేరింది. మన దేశంలో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో మొదలైన ఆస్ట్రా విభాగం దీనిపై లోతుగా పనిచేసింది. దిమ్మెలకు భారత ప్రమాణం ఐఎస్ 1725. దీన్ని 1982లోనూ, 2013లోనూ సవరించి వెలువరించారు.

ఈ దిమ్మె చవక అనే మాట కట్టేచోటి మట్టితో చేసినప్పుడే నిజం. దూరం నుంచి లారీల్లో తెప్పిస్తే ఆ లాభం రవాణాకే పోతుంది. అంచులు తీరుగా ఉంటాయి కాబట్టి అడుసు తక్కువ పడుతుంది, పూత లేకుండానూ గోడ నిలుస్తుంది. అయితే నేలతేమ తగలకుండా రాతి పునాది, వాన కొట్టకుండా ముందుకు చాచిన చూరు తప్పనిసరి.

దిమ్మెలు ఎక్కువగా పాడయ్యేది చేశాక సరిగా తడపకపోవడం వల్లే. సిమెంటు దిమ్మెను నాలుగు వారాలు తడిగా ఉంచాలి, సున్నం దిమ్మెకు ఇంకా ఎక్కువ కాలం కావాలి. ఎండిన దిమ్మె చూపే బలాన్ని నమ్మకూడదు, నానితే అందులో చాలాభాగం తగ్గుతుంది. ఇల్లు కట్టుకునేవారు వేల దిమ్మెలు వేయించే ముందు పది చేయించి, 28 రోజులు తడిపి, ఒక పగలూ రాత్రీ నీటిలో నానబెట్టి అంచులు చూడండి. అంచు చేతికి రాలితే ఆ మట్టితో గోడ మొదలుపెట్టకండి.