పాత ల్యాప్‌టాపు విసర్జన

వాడకం ముగిసిన ల్యాప్‌టాపులోని సమాచారాన్ని ఎవరూ తిరిగి చదవలేని విధంగా తొలగించి, ఆ తరువాత యంత్రాన్ని పర్యావరణానికి హాని కలగని రీతిలో వదిలించుకోవడాన్ని పాత ల్యాప్‌టాపు విసర్జన అంటారు. ఇందులో సమాచారాన్ని తుడిచివేయడం ఒక పని, యంత్రాన్ని తగిన చోటికి చేర్చడం మరొక పని. రెండవది జరిగినంత మాత్రాన మొదటిది జరిగినట్లు కాదు. తెర పగిలినా, యంత్రం పనిచేయకపోయినా డిస్కులోని సమాచారం చెక్కుచెదరకుండా ఉండవచ్చును.

రాజోలు ప్రాంతంలో ప్రాధాన్యత

రాజోలు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలో వశిష్ఠ గోదావరి తీరప్రాంతపు మండల కేంద్రము. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా ఏర్పడక పూర్వం ఇది తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. ఈ ప్రాంతం నుండి గల్ఫ్ దేశాలకు వలస వెళ్ళినవారు చాలామంది ఉన్నారు. అటువంటి కుటుంబాల కంప్యూటర్లలో పాస్‌పోర్టు, వీసా, ఆధార్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకాల నకళ్ళు ఉండే అవకాశం ఎక్కువ. నెట్ సెంటర్లు, జిరాక్సు దుకాణాలు, ఖాతాలు వ్రాసే కార్యాలయాల యంత్రాలలోనైతే ఇతరుల పత్రాలు కూడా పోగుపడతాయి.

గోదావరి వరదలు మరొక కారణము. 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను వచ్చిన వరదలకు కోనసీమ లంక గ్రామాలు ముంపునకు గురయ్యాయి. నీట మునిగిన ల్యాప్‌టాపు ఇక పనికిరాదని పాత ఇనుపసామాన్ల వారికి ఇచ్చివేయడం సురక్షితం కాదు. తడిసిన హార్డ్ డిస్కు నుండి కూడా సమాచారాన్ని తిరిగి రాబట్టే పద్ధతులు ఉన్నాయి.

తొలగించినా సమాచారం మిగలడానికి కారణం

ఫైలును తొలగించినప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ సాధారణంగా పట్టికలోని దాని వివరాన్ని మాత్రమే తీసివేస్తుంది. ఇది పుస్తకంలోని విషయసూచికను చించివేయడం వంటిది. పుటలు అలాగే ఉంటాయి. అదే స్థలంలో కొత్త సమాచారం వ్రాయబడేంత వరకు పాతదానిని రికవరీ సాఫ్టువేరుతో వెలికితీయవచ్చును. త్వరిత ఫార్మాటు కూడా ఇటువంటిదే.

అమెరికాకు చెందిన సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలత్ అను పరిశోధకులు వాడిన హార్డ్ డిస్కులు 158 కొని పరిశీలించి, 2003లో ఫలితాలను ప్రచురించారు. పనిచేసిన 129 డిస్కులలో 12 మాత్రమే సరిగా తుడిచివేయబడి ఉన్నాయి. మిగిలినవాటిలో 5,000కు పైగా క్రెడిట్ కార్డు సంఖ్యలు బయటపడ్డాయి.

తుడిచివేసే పద్ధతులు

* తిరిగి వ్రాయడం: అయస్కాంత హార్డ్ డిస్కు మొత్తం మీద సున్నాలు వ్రాస్తారు. ముప్పై అయిదు సార్లు వ్రాయాలనే అభిప్రాయం 1996 నాటి పీటర్ గుట్‌మన్ పరిశోధనాపత్రం నుండి ప్రచారంలోకి వచ్చినది. అది నాటి పలురకాల పాత డిస్కులన్నిటినీ ఉద్దేశించినది. నేటి డిస్కులకు సాధారణ అవసరాలలో ఒక్కసారి పూర్తిగా వ్రాసి సరిచూస్తే సరిపోతుంది.
* అంతర్గత ఆదేశం: ఎస్.ఎస్.డి. తనలోని గడులు సమానంగా అరిగేటట్లు వ్రాతను ఎప్పటికప్పుడు వేరొక చోటికి మారుస్తుంది. అందువలన పైపైన తిరిగి వ్రాసినా పాత ప్రతులు మిగిలిపోవచ్చును. తయారీదారు ఇచ్చిన సాఫ్టువేరుతో డిస్కులోనే ఉన్న సురక్షిత తుడిచివేత ఆదేశాన్ని అమలుచేయడం ఉత్తమము.
* గుప్తీకరణ: మొదటి నుండి డిస్కు అంతటినీ గుప్తీకరించి వాడితే చివరలో తాళపుచెవిని నాశనం చేయడంతో పని ముగుస్తుంది. బిట్‌లాకర్, ఫైల్‌వాల్ట్ ఇందుకు ఉపకరిస్తాయి.
* భౌతిక నాశనం: యంత్రం పనిచేయనప్పుడు డిస్కును బయటకు తీసి, హార్డ్ డిస్కు అయితే లోపలి పళ్ళేలను, ఎస్.ఎస్.డి. అయితే ప్రతి చిప్పును ముక్కలు చేయాలి. ఎస్.ఎస్.డి.పై అయస్కాంతం పనిచేయదు. కాల్చడం వలన విషవాయువులు వెలువడతాయి.

విండోస్ 10, 11లలో యంత్రాన్ని తొలి స్థితికి తెచ్చే సదుపాయం ఉన్నది. అందులో అన్నిటినీ తొలగించు అనే మార్గంతో పాటు డ్రైవును శుభ్రపరచు అనే అమరికను కూడా ఎంచుకోవాలి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది.

పాటించవలసిన క్రమం

1. అవసరమైన ఫైళ్ళను వేరొక డిస్కులోకి నకలు చేసి, అవి తెరుచుకుంటున్నవో లేదో చూడాలి.
2. ఈమెయిలు, బ్రౌజరు ఖాతాల నుండి వైదొలగాలి. వాట్సాప్‌లో ఆ యంత్రపు అనుసంధానాన్ని ఫోను నుండి తొలగించాలి. టాలీ వంటి సాఫ్టువేరు లైసెన్సును సరెండరు చేయాలి.
3. డిస్కు రకాన్ని బట్టి తగిన పద్ధతిలో తుడిచివేయాలి.
4. రికవరీ సాఫ్టువేరుతో ఒకసారి పరీక్షించాలి.
5. ఆ తరువాతనే యంత్రాన్ని అమ్మడం, దానం చేయడం లేదా పునర్వినియోగానికి ఇవ్వడం చేయాలి.

మరమ్మతు దుకాణంలో డిస్కు మార్పించినప్పుడు పాత డిస్కును అడిగి వెనుకకు తీసుకొనడం మంచిది. సందేహం ఉన్నచోట డిస్కును తీసి ఉంచుకొని, మిగిలిన యంత్రాన్ని మాత్రమే ఇవ్వవచ్చును.

చట్టాలు

భారతదేశంలో ఈ-వ్యర్థాలపై ప్రత్యేక నియమాలు 2011లో వెలువడి 2012 మే 1 నుండి అమలయ్యాయి. 2016లో వాటి స్థానంలో వేరొక నియమావళి వచ్చింది. 2022లో ప్రకటించిన నియమావళి 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్నది. దీని ప్రకారం ఈ-వ్యర్థాలను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వద్ద నమోదైన సంస్థలే పునర్వినియోగానికి సిద్ధం చేయాలి. బ్యాటరీలకు 2022లోనే వేరుగా నియమాలు వచ్చాయి. ఉబ్బిన లిథియం బ్యాటరీని గుచ్చినా, నలిపినా నిప్పు అంటుకొనే ప్రమాదం ఉన్నది. దానిని చెత్తలో వేయరాదు.

డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో ఆమోదం పొందింది. ప్రయోజనం తీరిన వ్యక్తిగత సమాచారాన్ని సంస్థలు తొలగించాలని ఈ చట్టం చెబుతున్నది. దీని నియమావళి 2025 నవంబరులో వెలువడింది. ప్రధాన బాధ్యతల అమలుకు అందులో 18 నెలల గడువు ఇచ్చారు. సొంత ఇంటి అవసరాలకు దాచుకొన్న సమాచారానికి ఈ చట్టం వర్తించదు. కనుక ఇంటిలోని ల్యాప్‌టాపు విషయంలో జాగ్రత్త వహించవలసినది దాని యజమానియే.